చెన్నై నుంచి తల్లిదండ్రులను అమెరికాకు పిలిపించుకునే ముందు జాగ్రత్తలు

ముందుగా అర్హత తేల్చుకోవాలి. 21 ఏళ్లు నిండిన అమెరికా పౌరులు మాత్రమే తల్లిదండ్రుల కోసం ఐ-130 (బంధువును శాశ్వత నివాసానికి పిలిపించుకునే దరఖాస్తు) దాఖలు చేయగలరు, అదీ అమ్మకు, నాన్నకు విడివిడిగా. గ్రీన్‌కార్డుతో ఆ అవకాశం లేదు. అమెరికా పౌరులు తమ అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను పిలిపించుకునే తోబుట్టువుల కేటగిరీలో మనదేశం వారి నిరీక్షణ 15 ఏళ్లు దాటుతోంది కనుక, దాన్ని నమ్ముకుని ఇక్కడి ఇల్లు అమ్ముకోవద్దు.

అసలు చిక్కంతా పేర్లతోనే. చెన్నై బడుల్లో చదివిన తెలుగు పిల్లలకు తమిళ పద్ధతిలో తండ్రి పేరు ఇనిషియల్‌గా పడి, నెల్లూరు వైపు నుంచి వచ్చిన పెద్దల కాగితాల్లో ఇంటిపేరు ముందుండటం వల్ల, బంధుత్వం రుజువు చేయాల్సిన చోట అనవసరమైన ప్రశ్నలు తలెత్తుతాయి. అందుకే పాస్‌పోర్టులు, జనన, వివాహ ధ్రువపత్రాలు పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూసుకోవాలి. పెద్దల జనన నమోదు దొరకకపోతే (1970 ఏప్రిల్ 1కి ముందు పుట్టినవారిలో ఇది మామూలే), నమోదు లేదని స్థానిక అధికారి ఇచ్చే పత్రంతోపాటు బడి టీసీ వంటి పాత ఆధారాలను సిద్ధం చేసుకోవాలి.

తెలుగు, తమిళ కాగితాలకు అనువాదకుల ధ్రువీకరణ ఉన్న ఆంగ్ల అనువాదం జతచేయాలి. నగరంలోనే కాన్సులేట్ ఉన్నా ఇమిగ్రెంట్ వీసా ఇంటర్వ్యూ జరిగేది ముంబైలో కాబట్టి, వయసు మళ్లినవారి ప్రయాణానికి, బసకు ముందే ఏర్పాట్లు చూసుకోవాలి.