పాత బండి టైల్ లైటుకు ఎల్‌ఈడీ: సమస్య - పరిష్కారం

ఇరవై ఏళ్ల నాటి స్ప్లెండర్లు, ప్యాషన్లు నల్లగొండ, మహబూబ్‌నగర్ ఊళ్లల్లో ఇంకా రోజూ పొలానికీ మార్కెట్‌కూ తిరుగుతూనే ఉన్నాయి. ఇంజను బాగానే ఉంటుంది, వెనక లైటే ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. నార్కట్‌పల్లి దాటాక రాత్రిపూట విజయవాడ హైవే మీద వెనక నుంచి లారీ వస్తుంటే, ఆ 5 వాట్ల బల్బును నమ్ముకోవడం కష్టం. అందుకే ఎల్‌ఈడీ మంచి ఆలోచనే. బల్బు మార్చడం రెండు స్క్రూల పని. తంటా అంతా తర్వాతే మొదలవుతుంది. పాత బల్బు ఎలాంటి కరెంటు వచ్చినా సర్దుకుని వెలుగుతుంది, ఎల్‌ఈడీ సర్దుకోదు. వైరింగ్‌లో ఎప్పటినుంచో ఉన్న లోపాన్ని బయటపెడుతుంది. కాబట్టి బల్బు డూప్లికేట్ అని షాపువాడితో గొడవకు దిగే ముందు ఇవి చూసుకోండి.

కొనేటప్పుడు పాత బల్బును జేబులో వేసుకుని వెళ్లండి. 12 వోల్టులు, 21/5 వాట్లు (బ్రేక్‌కు 21, టైల్‌కు 5), కింద రెండు చుక్కలు, పక్కన ఎగుడుదిగుడుగా రెండు పిన్నులు: దానికి సరిపడే ఎల్‌ఈడీయే కావాలి. పాత రాజ్‌దూత్, యెజ్డీ లాంటి 6 వోల్టుల బండికి 12 వోల్టుల ఎల్‌ఈడీ పెడితే వెలగదు, దానికి వేరే బల్బు అడగాలి.

సమస్య: స్లోలో ఉన్నప్పుడు టైల్ లైటు వణుకుతుంది, రేజ్ చేస్తే సర్దుకుంటుంది

ఎక్కువ మందికి వచ్చేది ఇదే. ముందు ఒక పరీక్ష చేయండి. ఇంజను ఆపి, తాళం ఆన్ చేసి, లైటు స్విచ్ వేయండి. టైల్ లైటు వెలిగితే అది బ్యాటరీ మీద నడుస్తోంది. కిక్కు కొట్టాకే వెలిగితే దాని కరెంటు నేరుగా మాగ్నెట్ కాయిల్ (ఇంజను తిరిగితే కరెంటు పుట్టించేది) నుంచి వస్తోంది, అంటే ఏసీ. ఆ కాలపు 100 సీసీ బండ్లలో చాలావాటికి హెడ్‌లైటు, టైల్ లైటు, మీటరు లైటు ఇలా ఏసీ మీద, బ్రేక్ లైటు, హారన్, ఇండికేటర్లు బ్యాటరీ మీద నడుస్తాయి.

ఏసీ కరెంటు దిశ మారుతూ ఉంటుంది. ఎల్‌ఈడీ ఒక దిశలో వచ్చిన కరెంటుకే వెలుగుతుంది, రెండో దిశలో ఆరిపోతుంది. పాత బల్బులో ఫిలమెంట్ వేడి అంత త్వరగా తగ్గదు కాబట్టి ఆ తేడా కంటికి కనపడేది కాదు. స్లోలో మాగ్నెట్ నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి ఎల్‌ఈడీ ఆరడం, వెలగడం స్పష్టంగా తెలుస్తుంది.

నా మాట వింటే టైల్ లైటును బ్యాటరీ లైనుకు మార్చేయండి. హీరో హోండా వైరింగ్‌లో బ్రౌన్ వైరు టైల్‌కు, ఆకుపచ్చ మీద పసుపు గీత ఉన్నది బ్రేక్‌కు, ఉత్త ఆకుపచ్చ ఎర్త్. నల్ల వైరులో తాళం ఆన్ చేస్తే బ్యాటరీ కరెంటు వస్తుంది. ఆ నల్ల వైరు వెనక బ్రేక్ స్విచ్ దగ్గరికి ఎలాగూ వస్తుంది కాబట్టి దూరం వెళ్లక్కర్లేదు. సీటు కింద బ్రౌన్ వైరును కప్లర్ దగ్గర విడదీసి, ముందు నుంచి వచ్చే కొసను టేపు వేసి మూసేయండి. టైల్ వైపు కొసకు నల్ల వైరు నుంచి ఒక వైరు లాగి కలపండి, నల్ల వైరును బ్రేక్ స్విచ్ నుంచి తీయొద్దు. బ్రౌన్‌ను విడదీయకుండా నల్ల వైరు కలపొద్దు. కలిపితే బ్యాటరీ కరెంటు ఏసీ లైనులోకి ఎదురెక్కుతుంది, ఫ్యూజు పోతుంది, లేదంటే ఇంకేదో కాలుతుంది. ఇకపై తాళం ఆన్‌లో ఉన్నంతసేపూ టైల్ వెలుగుతుంది. బ్యాటరీ చిన్నదే కదా అని టెన్షన్ పడక్కర్లేదు, ఈ ఎల్‌ఈడీ ఆ 5 వాట్ల బల్బు కంటే చాలా తక్కువ లాగుతుంది.

వైరు మార్చడం ఇష్టం లేకపోతే టైల్ వైరు మధ్యలో 1ఎన్4007 డయోడ్ (కరెంటును ఒకే దిశలో పోనిచ్చేది) ఒకటి, వెండి గీత బల్బు వైపు ఉండేలా వేయండి. దాని తర్వాత 1000 మైక్రోఫారడ్, 50 వోల్టుల కెపాసిటర్ ప్లస్ కాలును బల్బు వైరుకు, మైనస్ కాలును ఎర్త్‌కు కలపండి. కొందరు మెకానిక్‌లు ఇక్కడ నాలుగు డయోడ్ల బ్రిడ్జ్ పెడతారు. బ్రిడ్జ్ మైనస్‌ను, ఛాసిస్ ఎర్త్‌ను కలిపితే అందులో ఒక డయోడ్ షార్ట్ అయినట్టే. టైల్‌కూ బ్రేక్‌కూ ఎర్త్ ఒకటే కాబట్టి ఈ బల్బుకు బ్రిడ్జ్ బయట పెట్టే పద్ధతి కుదరదు.

సమస్య: ఇండికేటర్ వేస్తే టైల్ లైటు కూడా దానితోపాటు కొట్టుకుంటుంది

ఎర్త్ సరిగా లేదు. వెనక మడ్‌గార్డ్ అంటే నీళ్లు, బురద, తుప్పు. ఇండికేటర్ల పెద్ద కరెంటు, టైల్ చిన్న కరెంటు ఒకే తుప్పు బోల్టు గుండా పోతుంటే, ఇండికేటర్ వెలిగిన ప్రతిసారీ ఎల్‌ఈడీకి అందే వోల్టేజి పడిపోతుంది. పాత బల్బు కాస్త మసకబారి ఊరుకునేది, ఎల్‌ఈడీ ఒక్కసారిగా ఆరిపోతుంది.

బ్యాటరీ మైనస్ నుంచి ఒక వైరు తెచ్చి హోల్డర్ లోహానికి తాకించండి. కొట్టుకోవడం ఆగితే జబ్బు దొరికినట్టే. ఛాసిస్ మీద ఒక బోల్టు దగ్గర రంగు గీకి, అక్కడి నుంచి హోల్డర్‌కు విడిగా ఎర్త్ వైరు లాగేయండి. హోల్డర్ లోపల గరుకు కాగితంతో రుద్ది, స్ప్రింగు కూర్చుంటే కాస్త పైకి లాగండి.

సమస్య: బ్రేక్ తొక్కినా వెలుగులో తేడా లేదు

బల్బును బయటికి తీసి, బ్యాటరీ దగ్గర ఒక్కో చుక్కకు విడివిడిగా ప్లస్ ఇచ్చి చూడండి, మైనస్ బల్బు ఒంటికి. రెండూ ఒకేలా వెలిగితే అది చవక బల్బు, మార్చేయడమే మందు. తేడా బాగానే ఉంటే బ్రేక్ స్విచ్ ఎప్పుడూ ఆన్‌లో ఉండిపోయి ఉండొచ్చు, లేదా అసలు ఆన్ కాకపోతుండొచ్చు: పెడల్ దగ్గర స్విచ్ నట్టును తిప్పి సర్దండి. ముందు బ్రేక్‌కు కూడా స్విచ్ ఉన్న బండైతే దాన్నీ చూడండి.

బండి కడిగించాకో వానలో తిరిగాకో, బ్రేక్ వదిలినా లైటు సన్నగా వెలుగుతూనే ఉంటే కారణం వేరు. తడిసిన స్విచ్ గుండా కారే కొద్దిపాటి కరెంటు పాత బల్బుకు లెక్కలోది కాదు, ఎల్‌ఈడీకి అదే చాలు. స్విచ్ శుభ్రం చేసి ఆరబెట్టండి. అయినా తగ్గకపోతే బ్రేక్ వైరుకూ ఎర్త్‌కూ మధ్య 1 కిలో ఓమ్, అర వాటు రెసిస్టర్ వేయండి.

సమస్య: నెలకో ఎల్‌ఈడీ పోతుంది

బ్యాటరీ టెర్మినల్స్ మీద మల్టీమీటర్ పెట్టి రేజ్ చేయండి. 14 నుంచి 14.5 దాకా మామూలే. 15 దాటితే ఆర్‌ఆర్ యూనిట్‌ను (రెగ్యులేటర్ రెక్టిఫైయర్, ఛార్జింగ్ వోల్టేజిని అదుపులో ఉంచేది) అనుమానించండి. బ్యాటరీ చచ్చినా, టెర్మినల్ వదులైనా వోల్టేజి అదుపు తప్పుతుంది. బ్యాటరీ పీకేసి కిక్కు మీదే బండి నడిపేవాళ్లకు ఎల్‌ఈడీ నిలవదు.

సమస్య: నంబర్ ప్లేటు చీకటిగా ఉంది, లేదా ఎర్రగా కనిపిస్తోంది

టైల్ గ్లాసు కింద ఉన్న తెల్ల కిటికీ నంబర్ ప్లేటు కోసమే. ఎల్‌ఈడీ చిప్పులు వెనక్కి మాత్రమే చూస్తుంటే కిందికి వెలుగు పడదు. ఎర్ర గ్లాసు వెనక ఎర్ర ఎల్‌ఈడీయే బాగా వెలుగుతుంది, తెల్లదైతే గ్లాసు దాని వెలుగులో చాలా భాగాన్ని మింగేస్తుంది. కానీ ఎర్రది పెడితే ప్లేటు మీద కూడా ఎర్ర వెలుగే పడుతుంది. రూల్ ప్రకారం అక్కడ తెల్ల వెలుగు ఉండాలి. చుట్టూ ఎర్ర చిప్పులు, కింది వైపు రెండు తెల్ల చిప్పులు ఉన్న బల్బు దొరికితే తీసుకోండి. లేదంటే చుట్టూ వెలుగు చిమ్మే తెల్ల బల్బుతోనే సర్దుకోవాలి. రంగురంగులుగా మిణుకుమిణుకుమనే రకం వద్దు, వెనక వచ్చేవాడికి మీరు బ్రేక్ వేశారో లేదో తెలియదు.

ఇండికేటర్లు కూడా ఎల్‌ఈడీ చేశాక టకటకా కొట్టుకుంటున్నా, కొట్టుకోకుండా నిలబడిపోయినా తప్పు ఫ్లాషర్‌ది, అంటే ఇండికేటర్లను ఆర్పి వెలిగించే యూనిట్‌ది. ఎల్‌ఈడీకి పనిచేసే ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ అడిగి వేయించుకోండి.