బావకు రాయలవారి వేషం: పొట్టకు సరిపడే కబాయి, తలకు సరిపడే కుళ్ళాయి ఎలా కుట్టాలి?

కృష్ణదేవరాయల వేషం కావాలంటే అద్దె షాపుల్లో అట్ట కిరీటం, తళుకుల కోటు చేతిలో పెడతారు. తిరుపతిలో ఉండి కూడా మనం అదే వేసుకుంటే ఎలా? తిరుమల గుడిలో మహాద్వారం దాటగానే రాయలవారు రాణులు తిరుమలదేవి, చిన్నాదేవిలతో విగ్రహాల రూపంలో చేతులు జోడించుకుని నిలబడే ఉంటారు, వెనకాల క్యూ తోసేస్తుంటే ఎవరూ అటు చూడరంతే. ఆయన తల మీద ఉన్నది కిరీటం కాదు, పొడుగాటి టోపీ. దాన్ని కుళ్ళాయి అంటారు. ఒంటి మీద చొక్కా లేదు. అందుకని మీ నాటకంలో గుడి సీను ఒక్కటే ఉంటే పంచె, నగలు, కుళ్ళాయి చాలు, సగం పని తప్పినట్టే. దర్బారు సీను ఉంటే మాత్రం కబాయి కుట్టాలి, అంటే నిండు చేతులతో కాళ్ల దాకా దిగే అంగీ. కుళ్ళాయి పెట్టుకున్న మనుషులు ఎలా ఉంటారో చూడాలంటే లేపాక్షి గుడి పైకప్పు బొమ్మల్లో ఆ గుడి కట్టించిన విరూపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ములను చూడండి, కుట్టే ముందు ఆ ఫోటోలు దగ్గర పెట్టుకోండి.

మా కాలనీ నాటకంలో రాయలు మా బావ. మనిషి గంభీరంగానే ఉంటాడు, పొట్ట అంతకన్నా గంభీరం. మొదటిసారి నేను చేసిన తప్పేంటంటే, నా దగ్గరున్న జుబ్బా కటింగ్ తీసుకుని నాలుగు వైపులా సమానంగా పెంచేశాను. పొట్ట దగ్గర సరిపోయింది కానీ భుజాలు మోచేతుల వైపు జారిపోయాయి, ముందు అంచు పైకి లేచి పంచె అంతా కనబడింది. "ఏం మరదలా, రాయలు కాస్తా రాయలవారి వంటవాడు అయ్యాడే" అన్నాడు. నిజమే మరి, ఒళ్లు నాలుగు వైపులా సమానంగా పెరగదు కదా.

కాబట్టి ముందు టేపు. ఛాతీ, పొట్ట ఎక్కువ ఎత్తుగా ఉన్నచోట చుట్టుకొలత, భుజం, చెయ్యి పొడవు మామూలే. వీటితో పాటు ఎవరూ తీసుకోని కొలతలు రెండున్నాయి: భుజం మీద మెడ పక్క నుంచి పొట్ట మీదుగా చీలమండ దాకా, అక్కడి నుంచే వీపు మీదుగా చీలమండ దాకా. ఊపిరి బిగబట్టనివ్వకండి, కొలిచేటప్పుడు మగవాళ్లందరూ పొట్ట లోపలికి లాగేస్తారు!

బావ ఛాతీ 40 అంగుళాలు, పొట్ట 44. రెండింటికీ 4 అంగుళాల లూజు కలిపితే 44, 48. వెనక భాగం ఛాతీ లెక్కనే నేరుగా 22 అంగుళాల వెడల్పు, దాన్ని ముట్టుకోవద్దు. పొట్ట పెరిగింది ముందుకు కదా, మిగతాదంతా ముందు భాగానికే. అంటే రెండు ముందు ముక్కలూ ఛాతీ దగ్గర ఒక్కోటి 11, పొట్ట దగ్గర ఒక్కోటి 13. ఆ పెరిగిన 2 అంగుళాలనీ పక్క కుట్టులోకే తోసేస్తే కుట్టు వంకరగా ముందుకు లాగుతుంది, ఒక అంగుళం పక్కన, ఒక అంగుళం ముందు అంచున ఇవ్వండి. ఒకదాని మీద ఒకటి పడి తాళ్లతో కట్టుకోవడానికి ఒక్కో ముక్కకు ఇంకో 4, కుట్లకు అర అంగుళం చొప్పున వేరుగా కలపాలి. ముందు వెనక పొడవుల తేడా ఎంతో (బావకు ఒకటిన్నర అంగుళం) అంత ముందు భాగం కింది అంచును మధ్యలో కిందికి దించి, పక్క కుట్టు దగ్గరికి వచ్చేసరికి సున్నా చేయండి.

ఇదంతా న్యూస్ పేపర్ మీద గీసుకుని, మంచి గుడ్డ జోలికి పోకుండా ఒక పాత పంచె మీద కత్తిరించి కచ్చా కుట్టు వేసి తొడగండి. ఇక్కడ బద్ధకిస్తే తర్వాత ఏడవాల్సి వస్తుంది. కూర్చోమనండి, వంగమనండి, కత్తి ఎత్తమనండి. చెయ్యి ఎత్తగానే అంగీ మొత్తం పైకొస్తే చంక కిందికి కోయకండి, అలా కోస్తే ఇంకా లాగుతుంది. చంకలో 4 అంగుళాల చదరపు ముక్క ఏటవాలుగా అతకండి. ఒక భుజం కిందికి ఉన్నవాళ్లకు ఆ ఒక్క వైపే భుజం కుట్టు లోపలికి తీసుకోవాలి. పంచె మీద చాక్‌తో చేసిన మార్పులన్నీ మళ్లీ పేపర్ మీదికి ఎక్కించాకే అసలు గుడ్డ. తెల్లటి పల్చని మల్ కాటన్ తీసుకోండి, ముందు రోజే తడిపి ఆరేయండి, లేకపోతే మొదటి ఉతుకుకే ముడుచుకుంటుంది. పాలిస్టర్ శాటిన్ మెరుస్తుంది కానీ మన ఎండల్లో లైట్ల కింద నిలబడేవాడికి తెలుస్తుంది దాని సంగతి. నడుముకు శ్రీకాళహస్తి కలంకారీ చున్నీ ఏదైనా ఇంట్లో ఉంటే చుట్టేయండి.

కుళ్ళాయి చాలా తేలిక. 14 అంగుళాల తాడుతో పావు వృత్తం గీస్తే దాని వంపు సరిగ్గా 22 అంగుళాలు వస్తుంది, చాలామంది తల చుట్టుకొలత దాదాపు అంతే. లైనింగుకూ కుట్టుకూ కలిపి వంపు మీద ఇంకో అంగుళం పెంచండి. పాత పట్టుచీర జరీ కొంగు పైన, మధ్యలో బక్రం (బిగుసుగా నిలబడే గట్టి గుడ్డ), లోపల కాటన్. కొన సూదిలా రాకుండా కాస్త దూది కూరండి. కుట్టు తల వెనక్కి రావాలి. మైదా జిగురు మాత్రం వాడొద్దు, మాది ఒకటి చీమలు తినేశాయి. నాటకం అయ్యాక లోపల పాత పేపర్లు కూరి బీరువా పైన నిలబెట్టి ఉంచండి, మడిస్తే ఆ గీత ఇక పోదు.