సైకిల్ కొనేముందు కాలు కొలవండి

పర్లాకిమిడి, బరంపురం షాపుల్లో సైకిల్ అడిగితే ముందు చక్రం సైజే చెబుతారు: 26, 27.5, 29 అంగుళాలు అని. మన ఒంటికి సరిపోవాల్సింది మాత్రం ఫ్రేము. "పిల్లాడు ఎదుగుతాడు కదా" అని పెద్దది కొనకండి. సందులో ఆవు అడ్డొచ్చి గబుక్కున దిగాల్సి వస్తే కాళ్లు నేలకు అందవు.

చెప్పుల్లేకుండా గోడకు ఆనుకుని నిలబడి, కాళ్ల మధ్య గట్టి అట్ట పుస్తకాన్ని బాగా పైకి నొక్కిపెట్టి, దాని పై అంచు నుంచి నేల దాకా కొలవండి. ఆ కొలతను 0.883తో గుణిస్తే, క్రాంక్ ఇరుసు (పెడల్ కడ్డీలు రెండూ తిరిగే ఇరుసు) మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన ఎత్తు సుమారుగా వస్తుంది. కొలత 78 సెంటీమీటర్లయితే దాదాపు 69. బజారు రద్దీలో ఆగి ఆగి వెళ్లేవాళ్లు కాస్త దించుకోవచ్చు. సీటు గొట్టం మీది హద్దు గీత బయటికి వచ్చేదాకా లాగాల్సి వస్తే ఆ ఫ్రేము మీకు చిన్నదే.

షాపులో సీటు నుంచి హ్యాండిల్ వైపు వెళ్లే పైగొట్టానికి అటూ ఇటూ కాళ్లు వేసి నిలబడండి, కనీసం 2-3 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. హ్యాండిల్ పట్టుకుంటే మోచేతులు కొద్దిగా వంగాలి.