ఎన్‌పీఐ ఏ గడిలో ఎవరిది వేయాలి?

అమెరికాలో ఓ చిన్న క్లినిక్‌లో బిల్లింగ్ చూస్తున్నాను. చేరిన కొత్తలో నేను బీమా కంపెనీలకు పంపిన క్లెయిములు తిరిగొచ్చేవి. ఫారంలో 33ఏ గడిలో క్లినిక్ ఎన్‌పీఐ (వైద్యం అందించేవాళ్లను గుర్తించే జాతీయ నంబర్) వేయాల్సింది పోయి డాక్టరుగారిది వేసేదాన్ని మరి!

ఎన్‌పీఐలో టైప్ 1 మనిషికి, టైప్ 2 సంస్థకు. సీఎంఎస్-1500 అనే క్లెయిము ఫారంలో వైద్యం చేసిన డాక్టరు నంబర్ 24జేలో, బిల్లు వేసే క్లినిక్ నంబర్ 33ఏలో రాయాలి.

ఎన్‌పీఐలో 10 అంకెలుంటాయి. వాటిని చూసి ఊరుగానీ స్పెషాలిటీగానీ చెప్పలేం. డాక్టరు వేరే రాష్ట్రానికి వెళ్లినా అదే నంబర్. చివరి అంకె తనిఖీ కోసం పెట్టింది, అందుకే ఒక్క అంకె తప్పు కొట్టినా సాఫ్ట్‌వేర్ పట్టేస్తుంది. కానీ పొరపాటున ఇంకో డాక్టరు అసలు నంబరే వేశామనుకోండి, ఆ తనిఖీకి దొరకదు. నా టెన్షనంతా అక్కడే. అందుకే పంపేముందు ఎన్‌పీపీఈఎస్ రిజిస్ట్రీలో (ఎన్‌పీఐలు వెతికే ప్రభుత్వ ఆన్‌లైన్ జాబితా) నంబర్ కొట్టి పేరు, చిరునామా సరిచూస్తాను. మీరూ చూడండి, ఉచితమే.

అదే ఫారంలో 25వ గడిలో అడిగేది ఎన్‌పీఐ కాదు, 9 అంకెల పన్ను నంబర్. డీఈఏ (అమెరికా మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థ) నంబర్ సంగతి వేరు, అది నియంత్రిత మందులు రాసేవాళ్లకు.