బిడ్డను కోల్పోయిన కుటుంబాల కోసం ఓదార్పు బృందాన్ని నడపడం ఎలా

గర్భంలోనో, పురిట్లోనో, పుట్టిన కొద్ది రోజులకో బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులకు ఆ బిడ్డ గురించి మాట్లాడుకోవడానికి మనిషి దొరకడమే కష్టమవుతుంది. చుట్టూ ఉన్నవారిలో చాలామంది ఆ బిడ్డను చూసి ఉండరు. కొందరికి గర్భం నిలిచిన సంగతే తెలిసి ఉండదు. "చిన్న వయసే కదా, మళ్ళీ పుడతారులే" అన్న మాటతో ఆ ప్రస్తావన అక్కడికి ముగిసిపోతుంది. బయటివారు దుఃఖంగా లెక్కించని దుఃఖం మనిషిని ఒంటరిని చేస్తుందని కెన్నెత్ డోకా అనే అమెరికన్ ఆచార్యుడు 1989లో వివరించారు. ప్రపంచంలో ఏటా సుమారు 2.3 కోట్ల గర్భస్రావాలు జరుగుతున్నాయని లాన్సెట్ వైద్య పత్రిక 2021లో ఒక అంచనాను ప్రచురించింది. 28 వారాలు నిండాక ప్రాణం లేకుండా పుట్టే బిడ్డలు ఏటా దాదాపు 20 లక్షల మంది. పుట్టిన 28 రోజుల లోపే మరణించిన శిశువులు 2022లో సుమారు 23 లక్షల మంది. ఇంతమందికి ఎదురయ్యే నష్టాన్ని ఒక్కొక్కరూ తమ ఒక్కరికే జరిగినట్టు లోలోపల మోస్తూ ఉంటారు.

1968లో ఇంగ్లండులోని కోవెంట్రీలో ఒకే ఆసుపత్రిలో ఇద్దరు బాలురు కొద్ది రోజుల తేడాతో మరణించినప్పుడు, అక్కడ మతాచార్యుడిగా పనిచేస్తున్న సైమన్ స్టీఫెన్స్ ఆ ఇద్దరు బాలుర తల్లిదండ్రులనూ కలిపారు. తాను చెప్పగలిగిన ఓదార్పుకన్నా వారు ఒకరికొకరు ఇచ్చుకున్న ఊరట ఎక్కువని ఆయన గమనించారు. ఆ మరుసటి ఏడాదే ది కంపాషనేట్ ఫ్రెండ్స్ అనే సంస్థ మొదలైంది. ప్రాణం లేకుండా పుట్టిన, పుట్టగానే పోయిన బిడ్డల తల్లిదండ్రుల కోసం శాండ్స్ అనే సంస్థ 1978లో బ్రిటన్‌లో ఏర్పడింది. ఇలాంటి బృందాన్ని మీరు మొదలుపెట్టాలనుకుంటే ఒక నియమాన్ని ముందే స్థిరపరచుకోవాలి: ఇక్కడ ఎవరి నష్టాన్నీ మరొకరి నష్టంతో కొలవరు. కింద చెప్పబోయే ఏర్పాట్లలో ఎక్కువ భాగం ఈ నియమాన్ని కాపాడడానికే.

ఎవరిని పిలవాలి

ఎనిమిదో వారంలో గర్భం పోయినవారినీ, నెలలు నిండాక బిడ్డను కోల్పోయినవారినీ ఒకే గదిలో కూర్చోబెట్టవచ్చా అన్న సందేహం అందరికీ వస్తుంది. కూర్చోబెట్టవచ్చు. అయితే అందరూ స్వాగతమేనన్న సంగతి ఆహ్వానంలో స్పష్టంగా రాయాలి. తొలి వారాల్లోనే గర్భం పోయిన తల్లి "నాది అంత పెద్ద నష్టం కాదేమో" అన్న సంకోచంతో గుమ్మం దాకా వచ్చి వెనుదిరిగే ప్రమాదం ఉంది. బిడ్డకు తీవ్రమైన లోపం ఉందని తెలిసి, వైద్యుల సలహా మీద గర్భాన్ని ముగించుకోవలసి వచ్చినవారి పరిస్థితి ఇంకా సున్నితమైనది. నిర్ణయం తాము తీసుకున్నందువల్ల దుఃఖించే హక్కు తమకు లేదనీ, తెలిస్తే తప్పుపడతారనీ వారు భయపడతారు. అందుకే వారిని కూడా ఆహ్వానంలో ప్రత్యేకంగా ప్రస్తావించాలి; వీలైతే వారికి విడిగా మరొక బృందం ఉండడం మేలు. తండ్రులను "తోడుగా రండి" అని కాకుండా, బిడ్డను పోగొట్టుకున్నవారిగానే పిలవాలి. పసిపిల్లలను ఎత్తుకొని రావద్దని ముందే మర్యాదగా తెలియజేయాలి.

కొత్తగా వచ్చేవారితో మొదటి సమావేశానికి ముందే ఫోనులో మాట్లాడడం అన్నిటికన్నా ముఖ్యమని నా అభిప్రాయం. బిడ్డకు పేరు పెట్టారా, పెడితే ఆ పేరుతోనే ప్రస్తావించమంటారా, పెట్టకపోతే ఏమని పిలుచుకుంటున్నారు అని అడగండి. "ఎన్నో వారం?" అన్నది మీ మొదటి ప్రశ్న కాకూడదు. సమావేశంలో ఏం జరుగుతుందో, ఎంతమంది ఉంటారో, మాట్లాడకుండా కూర్చున్నా పరవాలేదని కూడా చెప్పండి. నిద్ర ఎలా ఉంది, ఇంట్లో తోడు ఎవరున్నారు, బతకాలని లేదన్న ఆలోచన వస్తోందా అని సూటిగానే అడగండి. ఆత్మహత్య గురించి అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుడుతుందన్న భయానికి ఆధారం లేదు; అడిగినందుకు చాలామంది తేలికపడతారు.

గది, సమయం

స్థలం విషయంలో జరిగే పొరపాట్లు మనుషులను తలుపు దగ్గరే గాయపరుస్తాయి. ఆసుపత్రి ఉచితంగా గది ఇస్తానన్నా, ప్రసూతి విభాగం మీదుగానో, గర్భిణులు వేచి ఉండే చోటు పక్కనుంచో వెళ్ళవలసి ఉంటే దాన్ని వద్దనుకోవడమే మంచిది. గోడల మీద పసిపాపల బొమ్మలు ఉండకూడదు. తలుపు మూసుకునే వీలుండాలి. దుఃఖం పట్టలేక బయటికి వచ్చినవారు కాసేపు కూర్చోవడానికి పక్కనే మరొక చోటు ఉండాలి. ఇటీవలే ప్రసవించిన తల్లికి రక్తస్రావం ఇంకా ఆగి ఉండకపోవచ్చు, కుట్లు నొప్పి పెడుతుండవచ్చు. మరుగుదొడ్డి దగ్గరగా, కుర్చీలు మెత్తగా ఉండాలి. పదహారు వారాలు దాటాక గర్భం పోయినా కొద్ది రోజుల్లో పాలు పడవచ్చు. ఎత్తుకోవడానికి బిడ్డ లేని తల్లికి ఇది ఎంత వేదనో నడిపేవారికి తెలిసి ఉండాలి, పాలు తగ్గే మార్గాల గురించి ఎవరిని అడగాలో చెప్పగలగాలి.

ఆరుగురి నుంచి పదిమంది దాకా, గంటన్నర సేపు, నెలకు ఒకటి రెండుసార్లు కలిస్తే సరిపోతుంది. నడిపేవారు ఇద్దరుండాలి: ఒకరు మాటను నడిపిస్తుంటే, మరొకరు ముఖాలను గమనిస్తూ, ఎవరైనా లేచి బయటికి వెళితే వెంట వెళ్ళగలుగుతారు.

సమావేశం

ప్రతిసారీ నియమాలను పైకి చదవండి, పాతవారే వచ్చినా సరే. ఇక్కడ విన్నది ఇక్కడే ఉంటుంది. సలహా అడిగితేనే ఇస్తాం. ఒకరు మాట్లాడుతుంటే మరొకరు అడ్డురారు. మతం, విధి, కర్మ వంటి వివరణలు తమ గురించి చెప్పుకోవచ్చు గాని పక్కవారికి అంటగట్టకూడదు. తరువాత ఒక్కొక్కరూ తమ పేరు, ఇష్టమైతే బిడ్డ పేరు చెబుతారు. వద్దనుకున్నవారు తల ఊపితే చాలు, వంతు పక్కవారికి వెళుతుంది.

మాట మొదలయ్యాక నడిపేవారికి అతి కష్టమైన పని మౌనంగా ఉండడమే. ఎవరైనా ఏడుస్తుంటే రుమాలు చేతికి అందించాలని మనసు తొందరపడుతుంది. అది చాలామందికి "ఇక ఏడుపు ఆపు" అన్నట్టు వినిపిస్తుంది. రుమాళ్ళు అందరికీ అందేచోట ముందే పెట్టి, తీసుకోవడం వారికే వదిలేయండి. "మీ బాధ నాకు అర్థమైంది" అనడంకన్నా "మీ పాప గురించి ఇంకొంచెం చెబుతారా?" అని అడగడం వారికి ఎక్కువ చోటిస్తుంది. చూడడానికి ఎలా ఉందో, స్కానింగులో ఎలా కదిలిందో అడిగినవారు అంతవరకూ ఒక్కరూ ఉండకపోవచ్చు.

పోలిక వచ్చినప్పుడు మాత్రం మౌనం పనికిరాదు. "మీరు కనీసం బిడ్డను ఎత్తుకున్నారు, నాకు ఆ భాగ్యం కూడా లేదు" అని ఒకరంటే, అన్నవారిని తప్పుపట్టకుండానే అప్పటికప్పుడు కలగజేసుకోవాలి. "ఎత్తుకోలేకపోయిన బాధ మీది, ఎత్తుకొని వదిలి రావలసి వచ్చిన బాధ వారిది, రెండూ ఇక్కడ చెప్పుకోవచ్చు" అన్న ధోరణిలో ఒక వాక్యం చాలు. ఆ వాక్యం సమయానికి రాకపోతే ఆ మాట పడిన తల్లి మరుసటి నెల రాదు.

"నేను బరువెత్తినందుకేనా? ఆ రోజు ప్రయాణం చేసినందుకేనా?" అన్న ప్రశ్న దాదాపు ప్రతి సమావేశంలోనూ వినిపిస్తుంది. తొలి నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగానికి పిండంలోని క్రోమోజోముల లోపాలు కారణమన్నది వైద్యులు ఎరిగిన విషయమే. కానీ దీన్ని వెంటనే సమాధానంగా అప్పజెప్పకండి. ముందు ఆ ప్రశ్నను పూర్తిగా వినండి, ఆ తరువాత వారి వైద్యులను ఏమేమి అడగాలో రాసుకోవడానికి సాయపడండి. వైద్యం మీద కోపాన్ని వెళ్ళగక్కనివ్వండి. కాని ఎవరి నిర్లక్ష్యం వల్ల ఏం జరిగిందో తేల్చే పని బృందం చేపట్టకూడదు.

భార్యాభర్తలు కలిసి వచ్చినప్పుడు, ఒకరు రోజూ ఏడుస్తుండగా మరొకరు పనిలో మునిగిపోతే, రెండోవారికి ప్రేమ లేదన్న నింద పుడుతుంది. దుఃఖంలో ఉన్న మనిషి కాసేపు నష్టం వైపు, కాసేపు జీవనం వైపు ఊగుతుంటాడని మార్గరెట్ స్ట్రోబె, హెంక్ షుట్ అనే పరిశోధకులు 1999లో ప్రతిపాదించారు. ఆ ఊపు ఇద్దరిలో ఒకే వేళకు ఒకే వైపు ఉండదని వివరిస్తే, ఎన్నో జంటలకు ఇంట్లో మాట్లాడుకునే దారి తెరుచుకుంటుంది.

ప్రసవం కావలసిన తేదీ, బిడ్డ పుట్టిన తేదీ, పోయిన తేదీ వారి అనుమతితో రాసిపెట్టుకొని, ఆ రోజున రెండు మాటలు పంపండి. అక్టోబరు 15వ తేదీని చాలా దేశాల్లో ఇలాంటి బిడ్డల స్మారక దినంగా పాటిస్తారు. ఆ సాయంత్రం ఏడు గంటలకు దీపం వెలిగిస్తారు. రావాలన్న ఒత్తిడి మాత్రం ఎవరి మీదా పెట్టకూడదు.

చివరి పావుగంట కొత్త కథలు మొదలుపెట్టడానికి కాదు. ఇప్పుడు ఎలా ఉంది, ఇంటికి ఎలా వెళుతున్నారు, ఈ రాత్రి తోడెవరు అని ఒక్కొక్కరినీ అడిగి ముగించండి.

బృందం సరిపోనప్పుడు

ఓదార్పు బృందం చికిత్సకు బదులు కాదు. తొలి నెలల్లో గర్భం పోయిన స్త్రీలలో నెల తరువాత 29 శాతం మందికీ, తొమ్మిది నెలల తరువాత 18 శాతం మందికీ తీవ్ర ఆఘాతానంతర ఒత్తిడి (పెద్ద దెబ్బ తగిలాక ఆ జ్ఞాపకాలు వెంటాడి బాధించే స్థితి) లక్షణాలు ఉన్నట్టు 2020లో బ్రిటన్, బెల్జియం పరిశోధకులు నివేదించారు. 1987లో రూపొందించిన ఎడిన్‌బరో ప్రశ్నావళిలోని పది ప్రశ్నలతో, శిక్షణ ఉన్న ఆరోగ్య కార్యకర్త కుంగుబాటు జాడలను గుర్తించగలరు. దానిలో చివరి ప్రశ్న తనకు తాను హాని చేసుకునే ఆలోచన గురించే. అలాంటి ఆలోచన బయటపడితే ఆ వ్యక్తిని ఒంటరిగా ఇంటికి పంపకూడదు. ఎవరికి ఫోను చేయాలో, ఏ వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్ళాలో బృందం మొదలుకాక ముందే కాగితం మీద రాసి ఇద్దరు నడిపేవారి దగ్గరా ఉంచాలి.

నడిపేవారు తామే బిడ్డను కోల్పోయినవారైతే, ఆ నష్టం జరిగి కనీసం ఒకటి రెండేళ్ళయినా గడిచి ఉండడం మంచిది. ప్రతి సమావేశం తరువాత ఇద్దరూ కూర్చొని తమ మనసులో మిగిలినదాన్ని మాట్లాడుకోవాలి. నెలకొకసారి అనుభవమున్న కౌన్సెలరు ఎవరైనా వారి మాట వింటే ఇంకా మేలు.

సభ్యుల్లో ఒకరు మళ్ళీ గర్భవతి అయితే, ఆ కబురు ముందు నడిపేవారికి చెప్పమనండి. మిగిలినవారికి దాన్ని సమావేశానికి ముందే సందేశంగా పంపితే, తమ ముఖాలను దాచుకోవలసిన అవసరం లేకుండా ఇంట్లోనే దాన్ని తట్టుకోగలుగుతారు. గర్భవతి అయిన తల్లికి సంతోషంకన్నా భయమే ఎక్కువగా ఉంటుంది కాబట్టి, ఆమెను వదిలేయకుండా విడిగా కలిసే ఏర్పాటు చేయాలి. ఏదో ఒక నెలలో ఒక్కరే రావచ్చు. అప్పుడు కూడా సమావేశాన్ని రద్దు చేయకండి. నియమాలు చదివి, బిడ్డ పేరు అడిగి, గంటన్నరా ఆ ఒక్కరికే ఇవ్వండి.