పాత వేట తుపాకులు – 4వ పాఠం: తూటాల డబ్బా మీది అంకెలు

పోయిన పాఠంలో బోర్ లెక్క చూశాం. ఒక పౌను సీసంతో 12 సమానమైన గుండ్లు పోస్తే, అందులో ఒకటి సరిగ్గా పట్టే గొట్టం 12 బోర్. దాని వ్యాసం 0.729 అంగుళాలు. ఆ గొట్టంలో పేల్చే తూటాలో ఏమేం ఉండేవో ఈసారి డబ్బా చూసి చెప్పడం నేర్చుకుందాం.

ఒక పాత డబ్బా మీద 3 – 1⅛ – 6 అని ఉందనుకోండి. చివరిది పెల్లెట్ల (తూటాలోని చిన్న సీసపు గుళ్ల) సైజు. ఈ అంకె పెరిగే కొద్దీ పెల్లెట్ చిన్నదవుతుంది. మధ్యది పెల్లెట్ల మొత్తం బరువు, 1⅛ ఔన్సులు, అంటే దాదాపు 32 గ్రాములు. ఈ రెండింటితో పేచీ లేదు. తంటా అంతా మొదటి అంకెతోనే.

3 అంటే 3 డ్రాములు. డ్రాము 1.77 గ్రాములు కాబట్టి సుమారు 5.3 గ్రాముల బ్లాక్ పౌడర్ (పాతకాలపు నల్లటి తుపాకి మందు) అన్నమాట. అయితే గొట్టం మూతి నుంచి మందు దట్టించే రోజుల్లో వేటగాళ్లు దాన్ని తూచేవారు కాదు, కొలిచేవారు. ఇత్తడి కొలగిన్నెకు జరిగే పిడి ఉండేది, పిడి మీద డ్రాముల గీతలు. పిడి లోపలికి నెడితే గిన్నె లోతు తగ్గుతుంది. మందు పోశాక పైన మందపాటి ఫెల్ట్ బిళ్ల, ఆపైన అదే గిన్నెడు పెల్లెట్లు, చివర పల్చటి అట్టబిళ్ల. మందూ పెల్లెట్లూ ఒకే కొలత పోయడం అప్పటి మోటు లెక్క. మోటుదే అయినా బాగానే నడిచింది.

1860లలో షుల్జ్ అనే ప్రష్యన్ సైనికాధికారి చెక్కతో తయారుచేసిన కొత్తరకం మందు వచ్చింది. ఇలాంటి మందులను బ్లాక్ పౌడర్ కొలతకే సరిపోయేలా తయారుచేశారు కాబట్టి పాత గిన్నె పనికొచ్చింది. తర్వాత వచ్చిన, అదే కొలతకు ఎక్కువ బలముండే పొగలేని మందులతో ఆ వీలు లేదు. వాటిని అదే గిన్నెతో కొలిస్తే గొట్టం పగిలిపోతుంది, చేతులు పోతాయి.

అందుకే తర్వాతి డబ్బాల మీద ‘డ్రామ్ ఈక్వివలెంట్’ అని వేశారు. అది మందు బరువు కాదు. అన్ని డ్రాముల బ్లాక్ పౌడర్ ఇచ్చే వేగాన్నే ఈ తూటా ఇస్తుందని అర్థం. 1⅛ ఔన్సుల తూటాకు 3 డ్రామ్ ఈక్వివలెంట్ అంటే సెకనుకు సుమారు 1200 అడుగులు.

అభ్యాసం: ‘3¼ డ్రామ్ ఈక్వివలెంట్ – 1¼ – 4’ అన్న తూటాలో మందు ఎన్ని గ్రాములు? 5.8 అని లెక్కకట్టారా? తప్పు. ఈ అంకెలతో మందు బరువు చెప్పలేం.

వచ్చే పాఠం: గొట్టాల అడుగున ఉండే లండన్, బర్మింగ్‌హామ్ ప్రూఫ్ ముద్రలు.