ఈఎస్పీ32తో ఇంటి పనులు – 4వ పాఠం: వైఫై రాదు, చుక్కలే వస్తాయి

పోయిన పాఠంలో మేడ మీద ట్యాంకుకి సెన్సార్ పెట్టి, నీళ్లు ఎంతవరకు ఉన్నాయో సీరియల్ మానిటర్‌లో (బోర్డు పంపే మాటలు లాప్‌టాప్‌లో కనిపించే కిటికీ) చూసుకున్నాం కదా. ఇప్పుడు ఆ అంకె ఫోన్‌కి రావాలంటే మన బోర్డు, అంటే వైఫై ఉన్న చిన్న ఈఎస్పీ32 చిప్ బోర్డు, ఇంట్లో వైఫైకి కనెక్ట్ అవ్వాలి, చాలామంది ఆగిపోయేది ఇక్కడే. కోడ్ ఎక్కుతుంది, మానిటర్ తెరిస్తే "కనెక్టింగ్" అని వస్తుంది, తర్వాత ఒక చుక్క, ఇంకో చుక్క, టీ తాగి వచ్చినా చుక్కలే. వెంటనే నెట్‌లో ఇంకో కోడ్ వెతికి పేస్ట్ చేస్తారు, దాంట్లోనూ చుక్కలే. అందుకే ఈరోజు మీ కోడ్‌ని ముట్టుకోవద్దు, బోర్డుకి ఏం కనిపిస్తోందో ముందు దాన్నే అడుగుదాం.

(చుక్కలు కాకుండా పిచ్చి గుర్తులు వస్తుంటే అది వైఫై గొడవ కాదు, మానిటర్ స్పీడ్ మీ కోడ్‌లో ఉన్నదే, మామూలుగా 115200, పెట్టుకోండి, సరిపోతుంది.)

ఆర్డుయినోలో (బోర్డుకి కోడ్ ఎక్కించే సాఫ్ట్‌వేర్) ఎగ్జాంపుల్స్ కింద వైఫై, అందులో వైఫైస్కాన్ అని ఉంటుంది, అది ఎక్కించండి. చుట్టుపక్కల ఉన్న వైఫైలన్నీ పేరు, సిగ్నల్, ఛానల్‌తో సహా వరసగా వస్తాయి. నేను మొదటిసారి రాత్రి రెండింటిదాకా కోడ్‌తో కుస్తీ పట్టి, ఇంక విసుగొచ్చి ఈ స్కాన్ పెడితే పక్కింటివాళ్లది, కింద పోర్షన్‌వాళ్లది, ఎదురు మెస్‌వాళ్లది అన్నీ కనిపించాయి, నాదొక్కటే లేదు! ఫోన్‌లో మాత్రం ఫుల్ సిగ్నల్. చూస్తే నేను కోడ్‌లో రాసింది చివర 5జీ అని ఉన్న పేరు. మనం వాడే మామూలు ఈఎస్పీ32కి వైఫై బ్యాండ్లలో 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే తెలుసు, 5 గిగాహెర్ట్జ్ వైఫై దానికి అసలు లేనట్టే లెక్క. రౌటర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి 2.4 ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఫోన్ హాట్‌స్పాట్‌తో చేసేవాళ్లకీ ఇదే తంటా, ఆండ్రాయిడ్‌లో బ్యాండ్ 2.4కి మార్చాలి, ఐఫోన్‌లో అయితే మాగ్జిమైజ్ కంపాటబిలిటీ అనేది ఆన్ చేయాలి.

పేరు లిస్టులో ఉండి కూడా కనెక్ట్ అవ్వట్లేదంటే, ఇప్పుడు మీ పాత కోడ్‌కి వెళ్లి చుక్క ప్రింట్ చేసే చోట చుక్క తీసేసి వైఫై డాట్ స్టేటస్, అంటే WiFi.status(), ప్రింట్ చేయండి. 3 వస్తే కనెక్ట్ అయినట్టు. 1 వస్తే పేరు దొరకలేదని, పెద్దక్షరం చిన్నక్షరం తేడా ఉన్నా దొరకదు. 4 గానీ, ఎంతసేపైనా 6 గానీ వదలకుండా వస్తుంటే ముందు పాస్‌వర్డ్‌ని అనుమానించండి, వాట్సాప్‌లో వచ్చింది కాపీ చేస్తే చివర ఒక స్పేస్ అతుక్కుని వస్తుంది, కంటికి కనపడదు. పాస్‌వర్డ్ కరెక్టే అంటే రౌటర్‌లో సెక్యూరిటీ ఒట్టి డబ్ల్యూపీఏ3 (వైఫైకి తాళం వేసే కొత్త పద్ధతి) మీద ఉందేమో చూసి డబ్ల్యూపీఏ2కి మార్చి ట్రై చేయండి. హాస్టల్ పిల్లలకి ఒక మాట, బ్రౌజర్‌లో లాగిన్ పేజీ వచ్చే వైఫై అయితే 3 వస్తుంది గానీ నెట్ రాదు, మీ బోర్డు ఆ పేజీ నింపలేదు కదా.

ఇంకో రకం ఉంది, చుక్కలు కూడా రావు, వైఫై మొదలవ్వగానే బోర్డు రీస్టార్ట్, మళ్లీ రీస్టార్ట్, మధ్యలో బ్రౌనవుట్ (వోల్టేజ్ చాలట్లేదని) అని ఒక లైను. దీనికి కోడ్‌లో బ్రౌనవుట్ చెకింగ్ ఆపేయమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు, వినకండి, జ్వరమొస్తే థర్మామీటర్ విరగ్గొట్టినట్టే అది. రేడియో సిగ్నల్ పంపే క్షణంలో ఒక్కసారిగా 240 మిల్లీఆంప్స్ దాకా లాగుతుంది, అందుకే కనీసం 500 ఇవ్వగల సప్లై పెట్టుకోమంటారు. సన్నటి కేబుల్‌లో అంత కరెంటు వెళ్లేసరికి వోల్టేజ్ పడిపోతుంది. నా డ్రాయర్‌లో చార్జింగ్ లైటుతో వచ్చిన కేబుల్ ఒకటుండేది, దాంతో ఎల్ఈడీ బ్లింక్ బ్రహ్మాండంగా నడిచేది, వైఫై అనగానే చతికిలపడేది. కేబుల్ మార్చా, పోయింది.

ఇక మేడ మీద సంగతి. సిగ్నల్ అంకె మైనస్‌లో ఉంటుంది, సున్నాకి ఎంత దగ్గరైతే అంత మంచిది. మా హాల్లో -52, స్లాబ్ దాటి ట్యాంకు పక్కకి వెళ్తే -87, రోజుకి పదిసార్లు తెగిపోయేది. బోర్డు ఒక చివర వంకరటింకరగా బంగారు గీత ఉంటుంది చూడండి (కొన్నిటిలో రేకు మూత పక్కన నల్లగా ఉంటుంది), అదే యాంటెన్నా. నేనేమో అది ఇనప నిచ్చెనకి ఆనేలా డబ్బా కట్టేశా. నిచ్చెన నుంచి తీసి పిట్టగోడకి, గీత మెట్లవైపు ఉండేలా తిప్పి పెడితే -74 అయింది, పైసా ఖర్చు లేదు. ట్యాంకు వెనకాల మాత్రం పెట్టకండి, నిండా నీళ్లుంటే సిగ్నల్‌ని మింగేస్తుంది, ఖాళీ అయినప్పుడు బాగానే ఉండి నిండగానే తెగిపోతుంటే అసలు అర్థం కాదు.

హోంవర్క్: స్కాన్ కోడ్ ఉన్న బోర్డుని లాప్‌టాప్‌కి పెట్టుకుని రౌటర్ పక్కన, మెట్ల మీద, ట్యాంకు దగ్గర తిరిగి మూడు చోట్లా అంకెలు రాసుకోండి, -80 కన్నా కిందకి పోతే ఆ చోటు వదిలేయండి. వచ్చే పాఠంలో కరెంటు పోయి వచ్చినప్పుడు సంగతి చూద్దాం, బోర్డు సెకన్లలో లేచి కూర్చుంటుంది, రౌటర్‌కేమో ఒకట్రెండు నిమిషాలు పడుతుంది, ఈలోపు మన కోడ్ ఏం చేస్తోందో మీ దగ్గరే ఒకసారి రౌటర్ ఆపి చూసి ఉంచండి.